ఒంటికి గట్టు... మన చర్మం

కాగితమంత పల్చని పొర. అయినా కోటానుకోట్ల సూక్ష్మజీవుల్ని గుమ్మంలోనే నిలబెట్టేస్తుంది. మనం పట్టించుకునేది దాని రంగునీ నిగారింపునీ మాత్రమే. అది రాత్రింబవళ్లు చేసే అసలు పని వేరే ఉంది!

ఫిబ్రవరి 9, 10, 11 తేదీలొచ్చాయంటే బెజవాడలో దారులన్నీ గుణదలకే. 1924లో ఫాదర్ ఆర్లాటి అనే ఇటలీ గురువు కొండ మీద మరియమాత విగ్రహాన్ని నిలిపిన దగ్గర్నుంచీ ఏటికేడు పెరుగుతూ వచ్చిన సందడి అది. క్రైస్తవులే కాదు, మొక్కున్న ప్రతివాళ్లూ వస్తారు. కొబ్బరికాయలు కొడతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు, తలనీలాలిస్తారు, మెట్లెక్కి కొండమీది శిలువ దాకా వెళతారు. ఆ మూడు రోజుల్లో ఒక్కో కమ్మీని ఎన్ని వేల చేతులు పట్టుకుంటాయో, ఒక్కో మెట్టు మీద ఎన్ని పాదాలు పడతాయో లెక్కే ఉండదు. ఒకరి చెమట ఇంకొకరికి అంటుతుంది. ఒకరి ఒంటిమీది సూక్ష్మజీవులు వందమందికి చేరతాయి.

మరి ఇంటికెళ్లాక అందరికీ పుళ్లూ సెగ్గడ్డలూ రావాలిగా? రావు. నూటికి తొంభైమందికి పైగా ఏమీ కాదు. కారణం... వాళ్ల ఒంటిని చుట్టి ఉన్న ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్ల తోలు!

ఈ సంగతి కృష్ణా డెల్టా వాళ్లకి ఒక్క మాటలో చెప్పొచ్చు. చర్మమంటే ఒంటికి కట్టిన గట్టు. కాలువ గట్టు మైళ్ల పొడవునా ఎంత గట్టిగా ఉన్నా సరే, ఒక్కచోట గండి పడితే ఊరు మునుగుతుంది. చర్మమూ అంతే. అది ఓడిపోయేది ఒళ్లంతా ఒకేసారి కాదు. వేలి సందులోని చిన్న ఒరుపు దగ్గరో, మడమ మీది పగులు దగ్గరో, బ్లేడు గాటు దగ్గరో ఓడిపోతుంది. అందుకే చర్మం ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే, గండి ఎక్కడ పడుతుందో కూడా తెలుస్తుంది.

ఇటుకలూ... సున్నమూ!

చర్మంలో మనకి కనిపించేది పైపొర. దాని మందం ఒంటిమీద చాలాచోట్ల మిల్లీమీటరులో పదో వంతు. అరికాళ్లలో, అరచేతుల్లో మాత్రం బాగా మందంగా ఉంటుంది. ఈ పైపొర అడుగున కొత్త కణాలు పుడుతుంటాయి. పుట్టినవి మెల్లగా పైకి జరుగుతూ, చదునుగా మారుతూ, గట్టిపడుతూ చివరికి చచ్చిపోతాయి. అలా చచ్చిన కణాలు పదిహేను ఇరవై వరసలుగా ఒకదానిమీద ఒకటి పేర్చుకుని ఉంటాయి. మనం తాకేదీ, తోముకునేదీ, పౌడరు రాసుకునేదీ ఈ చచ్చిన కణాలకే!

చచ్చిన కణాలేం కాపాడతాయనుకోకండి. గోడలో ఇటుకలకి ప్రాణముంటుందా? ఇక్కడా ఈ కణాలు ఇటుకలు. వాటి మధ్య సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలతో తయారైన జిడ్డు పదార్థం సున్నంలా పట్టి ఉంటుంది. లోపలి నీరు బయటకి పోకుండా, బయటి క్రిమి లోపలికి రాకుండా చూసేది ఈ సున్నమే. మామూలు బ్యాక్టీరియా ఈ గోడని తొలుచుకుని రాలేదు. దారి ఎవరో చేసిపెట్టాలి.

ఇంకో తమాషా... ఈ గోడ నిలవగోడ కాదు. పై వరసలు ఎప్పటికప్పుడు రాలిపోతుంటాయి, కింద నుంచి కొత్తవి వస్తుంటాయి. అడుగున పుట్టిన కణం పైకొచ్చి రాలిపోవడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. రాలేటప్పుడు తనమీద కూర్చున్న సూక్ష్మజీవుల్నీ వెంట తీసుకుపోతుంది. కాపురం పెడదామని వచ్చినవాడి కాళ్లకింద చాపని లాగేసినట్టన్నమాట!

ఈ గోడ విలువెంతో కాలిన గాయాల వార్డులో తెలుస్తుంది. ఒంటిమీద ఎక్కువ భాగం కాలినవాళ్లని మంటలు వదిలిపెట్టినా ఇన్ఫెక్షన్ వదలదు. ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు అదే. అందుకే అలాంటివాళ్లని విడిగా ఉంచుతారు, గాయాన్ని ఎంత త్వరగా కప్పగలిగితే అంత మంచిదని డాక్టర్లు తాపత్రయపడతారు.

పులుపు పూత... చెమట మందు

గోడ ఒక్కటే ఉంటే చాలదు కదా. దానిమీద ఓ పూత కూడా ఉంది. చెమట, చర్మం కింది గ్రంథుల్లోంచి వచ్చే నూనె, కణాలు వదిలే పదార్థాలు కలిసి చర్మాన్ని కాస్త పుల్లగా ఉంచుతాయి. ఆమ్లమా క్షారమా అని చెప్పే పీహెచ్ కొలతలో ఆరోగ్యమైన చర్మం 5 దగ్గర ఉంటుంది. రోగాలు తెచ్చే చాలా బ్యాక్టీరియాకి ఈ పులుపు పడదు. మామూలు సబ్బు మాత్రం 9, 10 దగ్గర ఉంటుంది. స్నానం చేయగానే ఈ పులుపు పూత తగ్గి, మళ్లీ కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. రోజుకోసారి రెండుసార్లయితే ఇబ్బంది లేదు. గంటకోసారి తోముకుంటేనే చిక్కు.

ఇక చెమట! బెజవాడ ఎండల్లో చెమటని తిట్టుకోనివాళ్లుండరు. కానీ ఆ చెమటలోనూ మందుంది. 2001లో జర్మనీలోని ట్యూబింజెన్ శాస్త్రవేత్తలు చెమటలో డెర్మ్‌సిడిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. ఇది చెమట గ్రంథుల్లోనే తయారై, చర్మం మీదికొచ్చి బ్యాక్టీరియాని చంపుతుంది. 2005లో అదే దేశంలోని కీల్ శాస్త్రవేత్తలు మరో చిక్కుముడి విప్పారు. పేగుల్లో, మురికిలో ఎక్కడ చూసినా ఉండే ఈ-కొలై బ్యాక్టీరియా మన చర్మం మీద ఎందుకు పాతుకుపోలేదు? చర్మ కణాలు సొరియాసిన్ అనే ప్రొటీన్‌ని తయారుచేసి దాన్ని హతమారుస్తున్నాయని తేలింది. అంటే... చర్మం తన యాంటీబయాటిక్స్‌ని తనే తయారుచేసుకుంటుంది. చీటీ లేదు, ఖర్చూ లేదు!

అద్దెకున్నవాళ్ల సాయం

ఒంటిమీద సూక్ష్మజీవులే లేకుండా చేసుకుందామంటే కుదరదు. కుదిరినా మంచిది కాదు. చర్మం మీద ప్రతి చదరపు సెంటీమీటరుకీ లక్షల్లో బ్యాక్టీరియా కాపురముంటాయి. వాటిలో చాలా భాగం మనకి హాని చేయవు. పైగా ఇల్లు ఖాళీగా లేకుండా చూస్తాయి. తిండీ చోటూ ఇవే ఆక్రమించేయడంతో కొత్తగా వచ్చిన చెడ్డ బ్యాక్టీరియాకి నిలవనీడ ఉండదు. స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ లాంటివైతే ఎదుటివాళ్లని అడ్డుకునే పదార్థాలని కూడా వదులుతాయి.

అద్దెకున్నవాళ్లని నమ్మొచ్చు... ఇల్లు బాగున్నంతకాలం. గోడకి రంధ్రం పడితే ఇన్నాళ్లూ బుద్ధిగా ఉన్నవాళ్లలోనే కొందరు లోపలికి చొరబడతారు. గోరు పక్కన తోలు పీకితే రెండు రోజుల్లో గోరుచుట్టు వస్తుంది చూడండి... ఆ బ్యాక్టీరియా ఎక్కడినుంచో వచ్చింది కాదు. చాలాసార్లు మన వేళ్లమీదో ముక్కులోనో ఉన్నదే. దానిమీద రోకటిపోటు పడితే ఎలా ఉంటుందో మన పెద్దలు సామెత కట్టి మరీ చెప్పారు!

గజ్జల్లో బిళ్ల ఎందుకు కడుతుంది?

కాలి వేలికి ముల్లు గుచ్చుకుంటుంది. రెండు రోజులకి గజ్జల్లో బిళ్ల కడుతుంది. కాలెక్కడ, గజ్జలెక్కడ?

ఈ ప్రశ్నకి సగం జవాబు 1868లోనే ఒక కుర్రాడి కంటపడింది. బెర్లిన్‌లో వైద్యం చదువుతున్న పాల్ లాంగర్‌హాన్స్‌కి అప్పటికి 21 ఏళ్లు. చర్మం ముక్కని రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే చేతులు చాచినట్టున్న విచిత్రమైన కణాలు కనిపించాయి. అవి నరాలకి సంబంధించినవనుకున్నాడాయన. మరుసటి ఏడాదే క్లోమగ్రంథిలో కొన్ని కణాల గుంపుల్ని చూశాడు. మధుమేహం మాటొస్తే వినిపించే లాంగర్‌హాన్స్ ద్వీపాలు అవే. చర్మంలోని కణాల అసలు ఉద్యోగం మాత్రం వందేళ్లు దాటితేగానీ బయటపడలేదు.

అవి కాపలావాళ్లు! చర్మం పైపొరలో చేతులు చాచి కూర్చుంటాయి. కొత్త క్రిమి దొరికితే దాని ముక్కని పట్టుకుని, ఉన్నచోటు వదిలి, లింఫ్ నాళాల వెంట దగ్గర్లోని గ్రంథికి వెళతాయి. కాలి సంగతైతే గజ్జలకి, చేతి సంగతైతే చంకకి. అక్కడున్న తెల్ల రక్తకణాలకి 'ఇదిగో దొంగ, ఇలా ఉంటాడు' అని ఆనవాలు చూపిస్తాయి. వాటిలో ఆ దొంగని పట్టగలిగినవి వేలల్లో పెరుగుతాయి. గ్రంథి ఉబ్బుతుంది. బిళ్ల కట్టడమంటే అదే... కబురందింది, సైన్యం తయారవుతోంది అని!

గాయం దగ్గర ఎర్రబడటం, వేడెక్కడం, వాయడం కూడా ఇలాంటివే. రక్తనాళాలు వెడల్పై తెల్ల రక్తకణాల్ని ఆ చోటుకి దింపుతాయి. చీములో పెద్ద భాగం ఆ పోరులో పోయిన కణాలే.

ఈ కథ ఇంకా ముగియలేదు. యాంటీబాడీలంటే గ్రంథుల్లోనే తయారవుతాయని అనుకుంటూ వచ్చారు. తన మీద కాపురముండే బ్యాక్టీరియా హద్దు దాటకుండా చర్మం తనంతట తానే యాంటీబాడీలని తయారుచేసుకోగలదని 2024 డిసెంబరులో వెలువడిన పరిశోధనలు ఎలుకల్లో చూపించాయి. సూది లేకుండా, చర్మం మీద రాసుకునే టీకా సాధ్యమేనా అన్న ఆలోచనకి ఇది దారి తీసింది. అది మనుషుల దాకా రావడానికి ఇంకా చాలా దూరముంది.

బుడమేరు చెప్పిన పాఠం

2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు మొదటి రోజున కురిసిన కుండపోత వానకి బుడమేరు పొంగింది. గట్టుకి మూడుచోట్ల గండ్లు పడ్డాయి. అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట... బెజవాడలో కాలనీలకి కాలనీలే మునిగాయి. సైన్యం కూడా వచ్చి చెయ్యి వేస్తేగానీ సెప్టెంబరు 7 నాటికి గండ్లు పూడలేదు. ఆ వారం రోజులూ జనం పాలకీ, మంచినీళ్లకీ, మందులకీ మోకాటి లోతు, నడుం లోతు మురికినీళ్లలోనే తిరిగారు.

అలాంటప్పుడు చర్మానికి ఏమవుతుందో గట్టు సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. నానుతుంది. ఇటుకల్లాంటి కణాలు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి. మధ్యనున్న సున్నం వదులవుతుంది. పాదాలు తెల్లగా ముడతలు పడతాయి. వేళ్ల సందులు ఒరిసిపోతాయి. అక్కడ ముందు బూజు జాతి ఫంగస్ చేరుతుంది, దాని వెనకే బ్యాక్టీరియా. మామూలప్పుడు చర్మాన్ని దాటలేని క్రిములకి కూడా అప్పుడు రాజమార్గమే.

వాటిలో భయపడాల్సింది లెప్టోస్పైరోసిస్. ఎలుక జ్వరం అని కూడా అంటారు. ఎలుకల మూత్రంతో నీళ్లలో కలిసే ఈ బ్యాక్టీరియా చిన్న గాట్లలోంచి, నానిన చర్మంలోంచి, కంటి పొరల్లోంచి లోపలికి పోతుంది. జ్వరం, ఒళ్లునొప్పులు, ముఖ్యంగా పిక్కల నొప్పి, కళ్లెర్రబడటం... మామూలు జ్వరమే అనిపిస్తుంది. ముదిరితే కాలేయాన్నీ కిడ్నీలనీ దెబ్బతీస్తుంది. వరద నీళ్లలో తిరిగిన కొద్దిరోజులకి, ఒక్కోసారి మూడు నాలుగు వారాలకైనా జ్వరమొస్తే ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పాలనేది అందుకే.

నానిన పాదం సంగతి సైన్యాలకి బాగా తెలుసు. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల బురదలో రోజుల తరబడి నిలబడ్డ సైనికుల పాదాలు పుచ్చిపోయాయి. 1960ల చివర్లో వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో, అచ్చం మన డెల్టాలాంటి వరిమళ్లలో అమెరికా సైనికులు తుపాకీ గుళ్లకంటే పాదాల పుళ్లతో ఎక్కువ అవస్థపడిన రోజులున్నాయి. చివరికి అక్కడి దళాధిపతులు పెట్టిన నియమం చాలా చిన్నది. నీళ్లలో 48 గంటలకి మించి ఉండకూడదు, ఆ తర్వాత ఒక రోజంతా పాదాలు ఆరాలి. మందులకంటే ఆరబెట్టడమే బాగా పనిచేసింది.

ఆ నియమం మన నాట్ల కూలీలకి ఎవరూ రాసిపెట్టలేదు. తొలకరి నాట్లప్పుడు పొద్దున దిగితే సాయంత్రం దాకా బురదలోనే. సాయంత్రమన్నా కాళ్లు కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, రాత్రంతా ఆరనిస్తే చర్మం చాలావరకు తేరుకుంటుంది.

బోదకాలుకి సబ్బే మందు!

గండి మాటొచ్చాక బోదకాలుని వదిలేయడానికి లేదు. కోస్తా జిల్లాల్ని తరతరాలుగా పీడించిన జబ్బు. మురుగుకాలవల్లో పెరిగే క్యూలెక్స్ దోమ దీన్ని మోసుకొస్తుంది. దోమ కుట్టి నేరుగా రక్తంలోకి పురుగుల్ని ఎక్కిస్తుందనుకుంటాం. నిజానికి దాని తొండం నుంచి పురుగు పిల్లలు చర్మం మీదికి జారతాయి. దోమ చేసిన ఆ సూదిమొనంత రంధ్రంలోంచి అవే లోపలికి పాకిపోతాయి. గండి ఎంత చిన్నదైనా చాలు!

ఈ పురుగుల మీద పనిచేసే మందు వెనక మన డెల్టా బిడ్డే ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకి సారథిగా ఉండగా తయారైనదే హెట్రజాన్. మనం డీఈసీ బిళ్లలంటాం. 2004 నుంచి బోదకాలు నిర్మూలనకి ఆ జబ్బున్న జిల్లాల్లో ఇంటింటికీ పంచుతున్నవి ఈ బిళ్లలే. ఆయన సారథ్యంలోనే 1948లో ఆరియోమైసిన్ వెలుగుచూసింది. ఎలుక జ్వరానికి వాడే డాక్సీసైక్లిన్‌ది కూడా ఆ కుటుంబమే.

కానీ ఒకసారి వాచిన కాలుని బిళ్ల మామూలుగా చేయలేదు. ఆ కాలులో లింఫ్ పారుదల దెబ్బతింటుంది. కాపలా కణాలకి దారి మూసుకుపోతుంది. వేళ్ల సందుల్లోంచి బ్యాక్టీరియా దూరినప్పుడల్లా చలి, జ్వరం, గజ్జల్లో బిళ్ల, కాలు నిప్పులకుంపటి. అలా వచ్చి పోయిన ప్రతిసారీ వాపు మరికాస్త పెరుగుతుంది. దీనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మందు సబ్బూ నీళ్లూ. రోజూ కాలిని మెల్లగా కడగాలి, ముడతల్లో, వేళ్ల సందుల్లో పొడిబట్టతో అద్దాలి, ఒరుపులుంటే మందు పూయాలి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తుమీద పెట్టుకోవాలి. ఇంతమాత్రం చేసినవాళ్లకి ఆ జ్వరాలు బాగా తగ్గుతాయి. గండి పూడిస్తే వరద ఆగుతుంది మరి!

మనమే తవ్వుకునే గండ్లు

కొన్ని గండ్లు వానవల్ల పడవు. మనమే తవ్వుకుంటాం.

తామర వస్తుంది. మందుల షాపుకెళ్లి 'దురదకి ఏదైనా ట్యూబు' అంటాం. చాలా ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. రాయగానే దురద, ఎరుపు మాయం. జబ్బు తగ్గిందనుకుంటాం. తగ్గింది జబ్బు కాదు, కాపలావాళ్ల అరుపు! స్టెరాయిడ్ చర్మంలోని రక్షణ కణాల నోరు నొక్కేస్తుంది. ఫంగస్ నిశ్చింతగా పాకుతుంది. ట్యూబు ఆపగానే రెండింతలై కనిపిస్తుంది. ఎక్కువకాలం రాస్తే చర్మమే పల్చబడుతుంది. ఈ అలవాటుని అరికట్టాలనే 2018లో కేంద్రప్రభుత్వం స్టెరాయిడ్ పైపూతలని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. అయినా మొండి తామరలు దేశమంతటా చర్మవైద్యులకి తలనొప్పిగానే ఉన్నాయి.

గుండు చేయించుకునేటప్పుడు బ్లేడు కొత్తదా అని అడగడానికి మొహమాటపడతాం. కంటికి కనిపించని గాటు చాలు. హెపటైటిస్-బి వైరస్ ఒంటి బయట ఏడు రోజుల దాకా బతికుండగలదు. మొక్కు తీరే చోట కొత్త బ్లేడు అడగడం తప్పేమీ కాదు.

పసిపిల్లల సంగతికొస్తే... నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి చర్మం పైపొర ఇంకా తయారై ఉండదు. గోడ కట్టక ముందే ఇంట్లోకి దిగినట్టు. ఢాకాలోని ఆస్పత్రిలో అలాంటి బిడ్డలకి పొద్దుతిరుగుడు నూనె మెత్తగా రాసి చూశారు. రాయని పిల్లలతో పోలిస్తే ఆస్పత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయని 2005లో ప్రకటించారు. నూనె ఆ బిడ్డల చర్మానికి తాత్కాలికంగా సున్నమైందన్నమాట. అలాగని ఇంట్లో ఉన్న ఏ నూనైనా పట్టించి, గట్టిగా రుద్ది, నలుగు పెట్టి గీకడం అలాంటి బిడ్డలకి చేటు. డాక్టరుని అడిగే చేయాలి.

గట్టు కాయాలంటే...

* కాళ్లు కడుక్కోవడం సగం పనే. వేళ్ల సందులు పొడిగా తుడిస్తేనే పని పూర్తయినట్టు.
* మడమల పగుళ్లకి రాత్రి కడుక్కున్నాక వాజిలీన్‌గానీ కొబ్బరినూనెగానీ రాయండి. పొడిబారిన చర్మమే పగులుతుంది.
* చిన్న గాయమైనా వెంటనే కుళాయి నీళ్లతో, సబ్బుతో కడగాలి. కాఫీపొడి, సున్నం, పేడ పెట్టొద్దు. ధనుర్వాతం టీకా సంగతి డాక్టరుతో మాట్లాడండి.
* చెమటకాయలు, దోమకాట్లు గోళ్లతో గోకొద్దు. పిల్లల గోళ్లు పొట్టిగా ఉంచండి.
* తువ్వాలు, సబ్బు, రేజరు ఎవరివి వాళ్లవే.
* షుగరున్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, గాయమైనా తెలియదు. కొండ మెట్లు ఒట్టికాళ్లతో ఎక్కితే దిగగానే అరికాళ్లు చూసుకోవాలి. మామూలు రోజుల్లోనూ పడుకునేముందు ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకోవాలి.
* ఎరుపు గంటగంటకీ పాకుతున్నా, చలిజ్వరం వచ్చినా, నొప్పి భరించలేకున్నా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

డెల్టాలో రైతు గట్టు మీద నడిచేటప్పుడు ఊరికే నడవడు. ఎక్కడ ఎలుక బొరియ ఉందో, ఎక్కడ తడి ఊరుతోందో చూసుకుంటూ నడుస్తాడు. పిడికెడు మట్టితో పోయేదాన్ని బస్తాల దాకా తెచ్చుకోడు. మన ఒంటి గట్టుకి కావలసిందీ ఆ చూపే. రోజుకో రెండు నిమిషాలు, అద్దంలో ముఖం చూసుకున్నాక ఒక్కసారి వంగి పాదాల వంక కూడా చూసుకుంటే చాలు!